రొయ్యకు కౌంటుంది, సర్వరుకేది?

సంపాదకులు గారికి, నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో క్లౌడ్ కంప్యూటింగ్ మీద, అంటే ఎక్కడో ఉన్న సర్వర్లనే పెద్ద కంప్యూటర్లను ఇంటర్నెట్‌లో అద్దెకు వాడుకోవడం మీద, వచ్చిన వ్యాసం చదివాను. తెలుగులో ఇలాంటివి రావడమే తక్కువ, సంతోషం. కానీ ఒక మాట దగ్గర ఆగిపోయాను. క్లౌడ్ అంటే గోదావరి లాంటిది, ఎవరికెంత కావాలంటే అంత తోడుకోవచ్చు అన్నారు. ఆ మాట రాసినవారు డెల్టాలో పొలం చేసి ఉండరు.

ఇక్కడ గోదావరిని ఎవరూ కావలసినంత తోడుకోరండి. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట ముగించిన దగ్గర్నుంచీ నీళ్లు విజ్జేశ్వరం తలుపులు దాటి, కాలవలో పడి, తూము దాటి, బోదెలోకి వచ్చాకే మా చేలోకొస్తాయి. తూము ఎంత ఉండాలో దాని కింద ఉన్న ఆయకట్టు చెబుతుంది. దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీళ్లు చాలకపోతే వంతులు. వంతు రోజున అర్ధరాత్రయినా సరే, పార పట్టుకుని గట్టు మీద నిలబడాల్సిందే. ఆ లెక్కన క్లౌడ్ నిజంగానే గోదావరి లాంటిది. అక్కడా తూములున్నాయి. ఏ తూము ఎంతుండాలో ఎవరో ఒకరు కూర్చుని పట్టికలో రాస్తారు. అలా రాసేవాళ్లలో నేనొకదాన్ని. అందుకే ఈ ఉత్తరం.

మాది పాలకొల్లు దగ్గర ఊరు. పదహారేళ్లుగా సర్వర్ల పనిలో ఉన్నాను, 2020 నుంచి ఇంటి దగ్గర్నుంచే. మేడ మీద గది, కిటికీ అవతల కొబ్బరిచెట్టు, దాన్ని ఆనుకునే ఫైబర్ కేబుల్. మట్ట రాలి కేబుల్ మీద పడిన రోజు నాకు సెలవు. నా పనేమిటని మా అత్తగారు ఒకసారి అడిగితే, "ఫారం నింపి బటన్ నొక్కితే కంప్యూటర్ వచ్చే ఏర్పాటు చేస్తానండి" అన్నాను. "ఎక్కడికొస్తుంది?" అన్నారు. "ఎక్కడికీ రాదండి, హైదరాబాదులోనో ముంబయిలోనో ఉంటుంది" అన్నాను. "రానిదానికి ఫారం ఎందుకే" అని చిక్కుడుకాయలు తుంచుకుంటూ వెళ్లిపోయారు.

వచ్చేది వర్చువల్ మెషీన్. ఒక పెద్ద సర్వరును సాఫ్ట్‌వేరుతో వాటాలు వేసి, ఒక్కో వాటాను విడి కంప్యూటర్‌లా నడిపిస్తారు. వాటా ఎంతన్నది రెండు అంకెలు ముఖ్యంగా చెబుతాయి: లెక్కలు చేసే సీపీయూలు ఎన్ని, పని చేస్తున్నంతసేపూ వివరాలు పట్టి ఉంచే మెమరీ ఎన్ని జీబీలు. 2006 ఆగస్టులో అమెజాన్ వాళ్ల సర్వర్ల అద్దె సేవ ఈసీ2 మొదలైనప్పుడు ఈ తలనొప్పి లేదు. ఒకటే కొలత: 1.7 జీబీ మెమరీ, 160 జీబీ డిస్కు, గంటకు 10 సెంట్లు. కావాలంటే తీసుకో, లేకపోతే మానుకో. ఇప్పుడు ఒక్క అమెజాన్ దగ్గరే వందల రకాలున్నాయి. మైక్రోసాఫ్ట్ అజూర్ పేర్లు వేరు, గూగుల్ పేర్లు వేరు. సొంత సర్వర్ల గది పెట్టుకున్న కంపెనీల్లో, సర్వర్లను వాటాలు వేసే వీఎంవేర్ అనే సాఫ్ట్‌వేరు ఉంటుంది. అక్కడ రకాల పేర్లే ఉండవు, అంకెలు మనమే రాసుకోవాలి.

ఇన్ని పేర్లు మామూలు ఉద్యోగికి ఏం గుర్తుంటాయి? ఆ ఇబ్బంది తీర్చడానికే మేం వాడే ఆటోమేషన్ సాఫ్ట్‌వేరులో ఒక పట్టిక ఉంటుంది. దాన్ని ఫ్లేవర్ మ్యాపింగ్ అంటారు. ఓపెన్‌స్టాక్ అనే క్లౌడ్ సాఫ్ట్‌వేరులోనూ ఈ కొలతల్ని ఫ్లేవర్ అనే అంటారు. ఐస్‌క్రీమ్ బండి దగ్గర వినాల్సిన మాట ఇక్కడికెందుకొచ్చిందో గానీ, వచ్చేసింది. పట్టికలో ఎడమవైపు మనం పెట్టుకున్న పేరు ఉంటుంది: స్మాల్, మీడియం, లార్జ్. కుడివైపు ఒక్కో చోటికి ఒక్కో గడి. వీఎంవేర్ గడిలో సీపీయూలు, మెమరీ అంకెలు రాస్తాం. అమెజాన్ గడిలో వాళ్ల రకాల్లోంచి ఒకటి ఎంచుతాం. అజూర్ గడిలో వాళ్లది. మెషీన్ కావాలన్నవాళ్లు ఫారంలో "మీడియం" అని ఎంచితే చాలు, అది ఎక్కడ పుడుతుందో చూసుకుని ఆ చోటి గడిలో ఉన్న కొలత ప్రకారం సాఫ్ట్‌వేరే పుట్టిస్తుంది. గడి ఖాళీగా ఉంటే అక్కడ మెషీన్ పుట్టనే పుట్టదు. ఏర్పాటు చక్కనిదే, కాదనను. పదిహేను చోట్లకు పదిహేను ఫారాలు రాసే బాధ తప్పింది.

చిక్కంతా ఆ పేర్ల దగ్గరే.

మా అత్తగారింట్లో ఇప్పటికీ ఇత్తడి కుంచం ఉంది. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. మెట్టు మెట్టుకీ రెట్టింపు. క్లౌడ్ కొలతలు చూసినప్పుడల్లా నాకు ఆ కుంచమే గుర్తొస్తుంది. అమెజాన్ అద్దెకిచ్చే రకాల్లో టీ3 అనే వరస తీసుకోండి. నానో అంటే అర జీబీ మెమరీ, మైక్రో ఒకటి, స్మాల్ రెండు, మీడియం నాలుగు, లార్జ్ ఎనిమిది, ఎక్స్‌లార్జ్ పదహారు. ధర కూడా మెట్టుకు రెట్టింపు. మన పెద్దవాళ్లకు అప్పగిస్తే సోలా తవ్వా అని పేర్లు పెట్టి ఒక పూటలో తేల్చేసేవారు.

కానీ కుంచంతో ఒక పేచీ ఉంది. మా పుట్టిల్లు గోదావరి అవతల రాజోలు వైపు. పెళ్లయిన కొత్తలో సంక్రాంతికి అమ్మ తన కుంచంతో కొలిచి కొత్త బియ్యం పంపింది. అత్తగారు మళ్లీ తన కుంచంలో పోసి, చేత్తో అంచు చదును చేసి చూశారు. కుంచం నిండలేదు, పైన రెండు వేళ్ల వెలితి. ఆవిడ ఏమీ అనలేదు. అనకపోవడమే పెద్ద మాట. నిజానికి అమ్మ తక్కువ కొలవలేదు, రెండు కుంచాలే ఒకటి కావు. దేశమంతా ఈ బాధ పడలేకే 1956లో తూనికలు కొలతల చట్టం తెచ్చి కిలోలూ లీటర్లూ పెట్టారు. ఇప్పుడు షాపులో కాటాకు ముద్ర లేకపోతే జరిమానా వేస్తారు. క్లౌడ్‌లో మాత్రం మీడియం అనే కుంచానికి ముద్ర వేసే శాఖ లేదు.

ఆ వెలితి నా చేతి మీదుగానే మళ్లీ జరిగింది.

మేం పనిచేసిపెట్టే సంస్థల్లో ఒకటి ఆక్వా రైతుల కోసం ఒక యాప్ నడుపుతోంది. పేరు వద్దు, తప్పు వాళ్లది కాదు. చెరువుకు ఎంత మేత వేశారు, మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రేలో ఎంత మిగిలింది, నీళ్లలో ఆక్సిజన్ ఎంతుంది, ఇవాళ ఏ కౌంటు రొయ్యకు ఏ రేటు, అన్నీ అందులోనే. మా మరిది కూడా అదే వాడతాడు. పల్లెటూళ్లో ఇలాంటివి తప్పవు, పనికీ ఇంటికీ మధ్య గోడ ఉండదు. ఆ యాప్ వివరాలన్నీ దాచే డేటాబేస్ మొదట సొంత సర్వర్ల గదిలో వీఎంవేర్ మీద నడిచేది. అక్కడ పట్టికలో మీడియం అంటే 2 సీపీయూలు, 8 జీబీ. తర్వాత దాన్ని అమెజాన్ హైదరాబాద్ రీజియన్‌కి, అంటే అక్కడున్న వాళ్ల సర్వర్ల కేంద్రాలకి, మార్చాలన్నారు. ఆ రీజియన్ 2022 నవంబరులో తెరిచారు, మనకు దగ్గర. పట్టికలో కొత్త గడి నింపాల్సింది నేను. మీడియం ఎదురుగా టీ3 మీడియం ఎంచాను. ఎందుకంటే పేరులో మీడియం ఉంది. ఇంతకంటే కారణం లేదు. టీ3 మీడియం అంటే 2 సీపీయూలు, 4 జీబీ. మెమరీ సగమైపోయింది. ఫారంలో అప్పుడూ మీడియమే, ఇప్పుడూ మీడియమే, అందుకని ఎవరికీ అనుమానం రాలేదు.

రెండు వారాలు బాగానే నడిచింది. ఆ తర్వాత ఒకరోజు తెల్లవారుజామున నాలుగుంపావుకి ఫోను. "వదినా, యాప్ లేవట్లేదండీ. తిప్పుతా ఉంది, తిప్పుతా ఉంది." చెరువులో ఆక్సిజన్ అడుగంటేది తెల్లవారే ముందే కదా. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఇంకెన్ని వేయాలో చూసుకోవడానికి ఆ గంటలోనే అందరూ యాప్ తెరుస్తారు. నేను లేచి ల్యాప్‌టాప్ తెరిచాను. పర్యవేక్షణ తెర మీద సీపీయూ వాడకం పదిహేను శాతం. మెషీన్ ఖాళీగానే ఉంది, తప్పు నెట్‌వర్క్‌లో ఎక్కడో ఉంటుందనుకుని నలభై నిమిషాలు అటు వెతికాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, ఈ పనిలో ఉన్న కుర్రాళ్లకు పనికొస్తుంది. అమెజాన్ వాళ్ల క్లౌడ్‌వాచ్ తెర సీపీయూ వాడకాన్ని దానంతటదే చూపిస్తుంది, మెమరీ వాడకాన్ని చూపించదు. అది కావాలంటే మెషీన్ లోపల విడిగా ఏజెంటు అనే చిన్న ప్రోగ్రాము పెట్టుకోవాలి. నేను పెట్టలేదు. చివరికి మెషీన్‌లోకి వెళ్లి, మెమరీ ఎంత మిగిలిందో చెప్పే ఫ్రీ కమాండ్ కొడితే మెమరీ అడుగంటి ఉంది. మెషీన్‌ని లోపల్నుంచి నడిపించే కెర్నెల్ రాసుకునే చిట్టా చూస్తే వరసగా అదే మాట: మెమరీ చాలక డేటాబేస్ ప్రాసెస్‌ని చంపేశాను. చంపడం, అది మళ్లీ లేవడం, మళ్లీ చంపడం. ప్రాణం పోయినవాడికి చెమట పట్టదు కదా, సీపీయూ పదిహేను శాతం అందుకే.

సరిచేయడం ఆరు నిమిషాల పని. మెషీన్ ఆపాలి, రకాన్ని టీ3 లార్జ్‌కి మార్చాలి, మళ్లీ లేపాలి. నడుస్తున్నదాన్ని నడుస్తుండగా మార్చడం కుదరదు. ఆపి లేపితే పబ్లిక్ ఐపీ, అంటే ఇంటర్నెట్‌లో దాని చిరునామా, కూడా మారిపోతుంది, స్థిరంగా ఉండేది ముందే కేటాయించుకుంటే తప్ప. ఆ ఒక్కటీ మాత్రం చేసి ఉంచాను. ఐదుంబావుకి యాప్ లేచింది.

మరిదికి ఫోను చేసి చెబితే, "మా పాలేరు చేత్తో మీటరు పెట్టి చూసి అన్ని ఏరేటర్లూ వేసేశాడండీ, రొయ్యలకేం కాలేదు" అన్నాడు. ఏమైందని అడిగాడు. మీడియం బదులు ఇంకో మీడియం పెట్టానని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "మీడియమేంటి వదినా? కౌంటు చెప్పరా మీరు?"

డెల్టా అవతలి పాఠకుల కోసం చెబుతున్నాను. రొయ్యను పెద్దది చిన్నది అని ఎవరూ కొనరు. కిలోకి ఎన్ని తూగుతాయో అదే కౌంటు. 40 కౌంటంటే భీమవరంలోనైనా నరసాపురంలోనైనా కిలోకి నలభై. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. చెరువు గట్టు మీద కొనేవాడితో "మా రొయ్య మీడియం సైజండీ" అని చూడండి, టీ తాగేసి వెళ్లిపోతాడు. సర్వర్లు అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ మాత్రం ఏళ్ల తరబడి అలాగే మాట్లాడుకుంటున్నాం. అమెజాన్‌లోనే సీ5 లార్జ్ అంటే 4 జీబీ, ఎం5 లార్జ్ అంటే 8, ఆర్5 లార్జ్ అంటే 16. మూడింటికీ సీపీయూలు రెండే. ముందున్న అక్షరం చూడకుండా లార్జ్ అంటే ఏ లార్జో దేవుడికెరుక.

ఆ వారమంతా పట్టికతోనే కూర్చున్నాను. ఒక చేదు సంగతి అప్పుడే తెలిసొచ్చింది. పట్టికలో అంకె మారిస్తే అది ఇకమీదట పుట్టేవాటికే. అప్పటికే ఆ తప్పుడు మీడియంతో పుట్టిన పదకొండు మెషీన్లు అలాగే ఉన్నాయి, ఒక్కొక్కదాన్నీ విడిగా మార్చాల్సొచ్చింది. కావలసిన మెషీన్ల వివరాలు ఫైల్లో రాసి పుట్టించే టెర్రాఫామ్ అనే సాఫ్ట్‌వేరు వాడేవాళ్లకు ఇది తలకిందులు. అక్కడ ఫైల్లో రకం మార్చి అప్లై కొట్టారంటే ఉన్న మెషీన్నే ఆపి, మార్చి, లేపుతుంది. ఏమేం మారబోతోందో అది ముందే చూపించే ప్లాన్ చదవకుండా పగటిపూట కొట్టారో, ఫోన్లు మొదలవుతాయి.

మా బృందంలో పేర్ల మీద వాదన నడిచింది. పేర్లు తీసేసి, 2 సీపీయూ 8 జీబీ అని అంకెలే పెడదామన్నాను. పేరుంటేనే కదా కింద రకం మార్చుకోగలిగేది, కొత్త తరం మెషీన్లొచ్చినప్పుడు ఫారాలన్నీ తిరగరాస్తామా అని ఒక కుర్రాడు అడ్డుపడ్డాడు. అతను చెప్పిందీ నిజమే. చివరికి పేరు ఉంచి, దాని పక్కనే అంకెలు, నెలంతా నడిపితే ఎన్ని రూపాయలవుతుందో కూడా కనబడేలా చేశాం. ఇంకో పని కూడా చేశాం, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది అదే. అప్పటిదాకా ఫారం తెరవగానే ముందుగా లార్జ్ ఎంచుకుని ఉండేది. ఎవరు పెట్టారో తెలీదు, ఎవరూ మార్చలేదు. దాన్ని స్మాల్ చేశాం. పెళ్లి విస్తట్లో అడక్కుండా వడ్డిస్తే తినరు, పారేస్తారు. లార్జ్ మెషీన్లలో ఎక్కువ భాగం అలా అడక్కుండా వడ్డించినవేనని అప్పుడర్థమైంది.

అలాగని అన్నీ తగ్గించుకుంటూ పోతే మళ్లీ నాలుగుంపావు ఫోనే. మధ్యాహ్నం పూట వాడకం చూసి సైజు తేల్చకూడదు, ఆక్వా యాప్‌ని తెల్లవారుజామునే కొలవాలి. టీ3 లాంటి రకాలతో ఇంకో మెలిక ఉంది. అవి మన వంతుల నీళ్ల లాంటివి. టీ3 మీడియంలో ఉన్న రెండు సీపీయూలు రోజంతా నూటికి నూరు శాతం నడపడానికిచ్చినవి కావు. లెక్క ప్రకారం ఒక్కోదానిలో 20 శాతమే మనది. గంటకు 24 క్రెడిట్లు జమవుతాయి. ఒక క్రెడిట్ అంటే ఒక సీపీయూని ఒక నిమిషం పూర్తిగా వాడుకునే హక్కు. వాడకపోతే 576 దాకా పోగవుతాయి. అవి అయిపోతే పాత టీ2 మెషీన్లు మామూలుగా నెమ్మదించేవి. టీ3 నెమ్మదించదు, ముందు వాడుకోనిచ్చి తర్వాత బిల్లు వేస్తుంది. మనం వేరేగా చెప్పకపోతే అదే పద్ధతి. వంతు కాని రోజున బోదెకు గండి కొట్టి నీళ్లు పెట్టుకున్నట్టన్నమాట, కాకపోతే ఇక్కడ కాలవ కాపలా చూసే లస్కరు పోట్లాటకు రాడు, నెలాఖరున బిల్లే వస్తుంది. రోజంతా ఒకే బరువు మోసే పనికి ఎం5 లాంటి రకమే నయం. ఎప్పుడో ఒక గంట హడావిడి, మిగతా అంతా ఖాళీ అనే పనికి టీ3 బంగారం.

ఇదంతా నా ఉద్యోగం గొడవ, పత్రికకు రాయాల్సిన పనేముందని మీరనవచ్చు. రాయించింది మా చిన్నమావగారు. ఆయన మా మండలంలో ఒక సహకార సంఘంలో సభ్యుడు. సంఘం లెక్కలు క్లౌడ్‌లో పెడతామని ఒకరు కొటేషన్ ఇచ్చారట. మీ వ్యాసం వచ్చిన మర్నాడే ఆ కాగితమూ మీ పత్రికా రెండూ చంకలో పెట్టుకుని వచ్చారు. "చూడమ్మా, ఇందులో ఏదో లార్జ్ అన్నాడు. పేపరోళ్లేమో ఎంత కావాలంటే అంత తోడుకోవచ్చంటున్నారు. తోడుకునేదానికి లార్జెందుకు?" ఈ ప్రశ్నకు మీ వ్యాసంలో జవాబు లేదు.

కాగితంలో నాలుగో వరస ఇలా ఉంది: క్లౌడ్ సర్వర్, లార్జ్, 1. ఎదురుగా ఏడాదికి ఒక మొత్తం. ఎవరి లార్జ్? ఎన్ని సీపీయూలు? ఎన్ని జీబీ? రాత్రిపూట ఆపేస్తే డబ్బు తగ్గుతుందా? చాలకపోతే పెంచడానికీ, ఎక్కువైతే తగ్గించడానికీ ఎవరికి చెప్పాలి? తగ్గిస్తే ఆ మిగులు సంఘానికా, వాళ్లకా? ఒక్కటీ లేదు. అదే కాగితంలో కుర్చీల వరస చూశాను. చేతులున్నవి ఆరు, చేతుల్లేనివి పది, ప్లాస్టిక్కు ఏ రకమో కూడా రాశారు. కుర్చీకున్న వివరం సర్వరుకు లేదు.

కింద నంబరుంటే ఫోను చేశాను. ఎత్తినతను మర్యాదగానే మాట్లాడాడు. లార్జ్ అంటే ఎంతండీ అని అడిగాను. "లార్జ్ అంటే పెద్దదేనండి మేడం, మీకు సరిపోద్ది" అన్నాడు. పాపం అతనికి తెలియదు, తెలియాల్సిన అవసరం ఇన్నాళ్లూ ఎవరూ కలిగించలేదు. రోజుకు ఎంతమంది వాడతారు, ధాన్యం కొనుగోళ్ల రోజుల్లో ఎంతమంది వాడతారు అని అతను మా సంఘాన్ని అడగలేదు. అడక్కుండానే లార్జ్ అని తేల్చాడు, ఆయకట్టు చూడకుండా తూము పెట్టినట్టు.

మీ అనుబంధం మా జిల్లాలో పంచాయతీలు, సొసైటీలు, కాలేజీలు అన్నిచోట్లా చదువుతారు. తోడుకోవచ్చన్న మాటను దయచేసి వచ్చే ఆదివారం సవరించండి. క్లౌడ్ కొటేషన్ చేతికొస్తే ఆ నాలుగో వరసలో ఏ అంకెలుండాలో ఒక పెట్టెలో వేయండి. కావాలంటే నేను రాసిస్తాను, డబ్బులక్కర్లేదు.

చిన్నమావగారు కాగితం వెనక్కి పంపించారు. పంపేముందు నాలుగో వరస పక్కన నీలం పెన్నుతో ఆయన చేతిరాతే రాశారు: "కౌంటు ఎంత?" అవతలివాళ్లకు అర్థం కాదేమో మావయ్యగారూ, సీపీయూ, జీబీ అని రాద్దామన్నాను. "అర్థం కాకపోతే ఫోను చేస్తాడులేమ్మా, అప్పుడు నువ్వు చెప్పు" అన్నారు. మూడు రోజులైంది, ఫోను ఇంకా రాలేదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పాలకొల్లు మండలం, పశ్చిమ గోదావరి జిల్లా